మరమనిషితో ఏర్పడే బంధానికి బాధ్యులెవరు? సామాజిక రోబోల భవిష్యత్తు: ఒక పరిశీలన

కీలక పదాలు: సామాజిక రోబో, మరమనిషి, వృద్ధుల సంరక్షణ, బాల్యం, మహదమహద్వాచకాలు, సమాచార గోప్యత

ఉపోద్ఘాతం

'రోబో' అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకం ద్వారా లోకానికి పరిచయమైంది. దాని మూలమైన చెక్ పదానికి వెట్టిచాకిరి అని అర్థం. ఆ తరువాత కర్మాగారాల్లో చేరిన యంత్రహస్తాలు ఈ అర్థాన్నే స్థిరపరిచాయి. అలసట లేకుండా, జీతం అడగకుండా, చెప్పిన పని చెప్పినట్లు చేసేది రోబో. సామాజిక రోబో ఈ కోవలోనిది కాదు. అది బరువులు మోయదు, ఇల్లు ఊడ్వదు. మనిషితో మెలగడమే దాని పని. పేరు పెట్టి పిలుస్తుంది, మాట్లాడేవారి ముఖం వైపు తిరుగుతుంది, తాకితే స్పందిస్తుంది, మాటకు మాట అందిస్తుంది. కర్మాగారంలోని రోబో ప్రయోజనాన్ని తయారైన వస్తువుల సంఖ్యతో లెక్కకట్టవచ్చు. సామాజిక రోబో ప్రయోజనాన్ని లెక్కకట్టాలంటే ఎదుటి మనిషిలో కలిగిన మమకారాన్నే చూడాలి. వేరే కొలమానం లేదు.

ఈ రోబోల భవిష్యత్తును గురించిన చర్చ ఇంతవరకు ప్రధానంగా రెండు ప్రశ్నల చుట్టూ తిరిగింది. వాటికి నిజంగా భావాలు ఉంటాయా అన్నది మొదటిది. అవి మనుషుల స్థానాన్ని ఆక్రమిస్తాయా అన్నది రెండవది. గత పాతికేళ్లలో ఇళ్లలోకి, ఆశ్రమాల్లోకి వచ్చి వెళ్లిపోయిన రోబోల చరిత్రను పరిశీలిస్తే ఇంతకంటె తక్షణమైన మూడవ ప్రశ్న ఒకటి కనిపిస్తుంది. బంధం ఏర్పడేది ఒక ఇంట్లో. ఆ బంధాన్ని నడిపించే సర్వర్, సాఫ్ట్‌వేర్, విడిభాగాలు ఉండేది ఒక వ్యాపార సంస్థ చేతిలో. ఆ సంస్థ తప్పుకున్న రోజున ఇంట్లో మిగిలే దుఃఖానికి జవాబుదారీ ఎవరు? ఈ వ్యాసం ఆ ప్రశ్నను కొన్ని వాస్తవ ఉదాహరణల ద్వారా వివరిస్తుంది.

మమకారం కలగడానికి ఎంత యంత్రం కావాలి?

చాలా కొద్దిపాటి యంత్రం చాలునని మొదట తెలిసినది 1966లో. అమెరికాలోని ఎం.ఐ.టి.లో జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే ప్రోగ్రామును రూపొందించాడు. దానికి శరీరం లేదు, గొంతు లేదు. మనిషి టైపు చేసిన వాక్యాన్నే కొంచెం మార్చి ప్రశ్నగా తిప్పి ఇచ్చేది. అయినప్పటికీ దానితో 'మాట్లాడుతూ' ఉన్న ఆయన కార్యదర్శి, సంభాషణ తమ మధ్యనే ఉండాలని కాబోలు, ఆయనను కాసేపు గది నుండి బయటికి వెళ్లమని కోరింది. ఆ ప్రోగ్రాము తయారవుతుండగా నెలల తరబడి చూసిన వ్యక్తి ఆమె. అందులో మనసు లేదని ఆమెకు తెలియక కాదు. తెలిసి కూడా మనిషి అలా ప్రవర్తించగలడన్న సంగతి వైజెన్‌బామ్‌ను కలవరపెట్టింది. శేషజీవితంలో ఆయన తన రంగానికే తీవ్ర విమర్శకుడిగా మారడానికి ఇది ఒక కారణం.

1990ల చివర అదే సంస్థలో సింథియా బ్రెజీల్ నిర్మించిన 'కిస్మెట్' ఈ మార్గానికి ముఖాన్ని ఇచ్చింది. కిస్మెట్ ఒక తల మాత్రమే: పెద్ద కళ్లు, కదిలే చెవులు, కనుబొమలు, పెదవులు. దానికి మాటల అర్థం తెలియదు, స్వరం తెలుస్తుంది. మెచ్చుకోలు, మందలింపు, బుజ్జగింపు, దృష్టిని తనవైపు తిప్పుకునే పిలుపు అనే స్వరభేదాలను గుర్తించి, ముఖకవళికలు మార్చేది. మందలిస్తే తల వాలేది. చంటిబిడ్డ విషయంలోనూ జరిగేది ఇదే. అర్థం కంటె ముందు స్వరం చేరుతుంది. తల్లి బిడ్డకు లేని ఉద్దేశాలను ఉన్నట్లు భావించి మాట్లాడుతుంది, ఆ మాటల వల్లనే బిడ్డ మనిషవుతుంది. కిస్మెట్ ఈ ప్రక్రియలోని మొదటి సగాన్ని అనుకరించింది. రెండవ సగం దాని వశంలో లేదు.

శరీరం మనిషిని ఎంతగా పోలి ఉండాలన్నది మరొక సమస్య. జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి 1970లో రాసిన చిన్న వ్యాసంలో దీనికి 'బుకిమి నో తాని' అని పేరు పెట్టాడు. తెలుగులో 'గగుర్పాటు లోయ' అనవచ్చు. పోలిక పెరిగేకొద్దీ ఆత్మీయత పెరుగుతుంది. కాని పోలిక దాదాపు పూర్తయి, కొద్దిపాటి తేడా మాత్రమే మిగిలినచోట ఆత్మీయత ఒక్కసారిగా జుగుప్సగా మారుతుంది. జపాన్ శాస్త్రవేత్త తకనోరి షిబాటా 1990లలో రూపకల్పన మొదలుపెట్టిన 'పారో' ఈ లోయలోకి దిగకుండా పక్కదారిన వెళ్లింది. మొదట పిల్లిని, కుక్కను అనుకరించి చూశారు. నిజమైన పిల్లి ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కనుక ఆ పోలిక నిలవలేదు. దాంతో మంచుప్రాంతపు సీల్ పిల్లను ఎంచుకున్నారు. దానిని ఒడిలో పెట్టుకొని చూసినవారు అరుదు, పోల్చి చూసి పెదవి విరిచేవారు లేరు. తెల్లని బొచ్చు కింద స్పర్శను, వెలుతురును, ధ్వనిని, భంగిమను గుర్తించే పరికరాలు ఉంటాయి. ఛార్జరు పాలపీక ఆకారంలో ఉంటుంది. యంత్రానికి కరెంటు ఎక్కించడాన్ని సైతం బిడ్డను సాకే పనిగా మార్చిన ఈ చిన్న ఉపాయంలోనే ఈ రంగపు తాత్త్వికత ఎంతో ఇమిడి ఉంది. 2009లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ పారోను వైద్య పరికరంగా గుర్తించింది. మతిమరుపు వ్యాధితో బాధపడే వృద్ధుల ఆందోళనను తగ్గించడానికి దీనిని పలు దేశాల్లో వాడుతున్నారు.

ఇదంతా వంచన అనే వాదం ఉంది. ఆస్ట్రేలియా తత్త్వవేత్త రాబర్ట్ స్పారో 2002లోనే, వృద్ధులకు రోబో కుక్కలను ఇవ్వడం వారిని భ్రమలో ఉంచడమేనని వాదించాడు. షెర్రీ టర్కిల్ 2011 నాటి 'అలోన్ టుగెదర్' గ్రంథంలో విమర్శను యంత్రం నుండి సమాజం మీదికి మళ్లించింది. వృద్ధుల మాట వినేవారు లేని స్థితిని మార్చకుండా, వినేటట్లు నటించే వస్తువును ఇచ్చి ఊరుకోవడాన్ని ఆమె తప్పుపట్టింది. రెండవ విమర్శే బలమైనది. వంచన వాదం చిన్నపిల్లల విషయంలోను, మతి స్థిమితం కోల్పోయినవారి విషయంలోను వర్తిస్తుంది. మిగిలినవారిలో అధికులు ఎలైజా ముందు కూర్చున్న కార్యదర్శి వంటివారే. వారికి అంతా తెలుసు, తెలిసే దగ్గరవుతారు. అటువంటివారికి జరిగే హాని భ్రమ వల్ల కాదు, ఆ సాన్నిహిత్యం అర్ధాంతరంగా తెగిపోవడం వల్ల.

వీడ్కోలు

సోనీ సంస్థ 1999 జూన్‌లో 'ఐబో' అనే రోబో కుక్కను ఇంటర్నెట్ ద్వారా అమ్మకానికి పెట్టింది. ధర 2,50,000 యెన్లు. జపాన్‌కు కేటాయించిన 3,000 కుక్కలు 20 నిమిషాల్లో అమ్ముడుపోయాయి. 2006లో సంస్థ ఉత్పత్తిని నిలిపివేసింది, 2014లో మరమ్మతు సేవలనూ ఆపింది. అప్పటికి కొందరి ఇళ్లలో ఆ కుక్కలు పదేళ్లకు పైగా ఉన్నాయి. కీళ్లు అరిగిపోతే మార్చడానికి విడిభాగాలు దొరకవు. సోనీ మాజీ ఇంజనీర్లు స్థాపించిన ఒక చిన్న సంస్థ మరమ్మతులకు పూనుకొంది. పనిచేయని ఐబోల శరీరాల నుండి తీసిన భాగాలే వారికి దిక్కు. అవయవదానం వంటి ఈ పనికి ముందు దాత శరీరానికి గౌరవప్రదమైన వీడ్కోలు ఉండాలని భావించి, 2015 నుండి చిబా ప్రాంతం ఇసుమిలోని కోఫుకుజి అనే బౌద్ధాలయంలో అంత్యక్రియలు జరిపించారు. వరుసగా కూర్చోబెట్టిన రోబోల మెడలో వాటి యజమానుల వివరాలున్న చీటీలు, ఎదురుగా ధూపం, అర్చకుని పఠనం. 2018 వసంతం నాటికి ఇలా వీడ్కోలు పొందిన ఐబోలు దాదాపు 800.

దీనిని జపాన్ ప్రజల వింత అలవాటుగా చూసే ధోరణి పాశ్చాత్య పత్రికల్లో కనిపిస్తుంది. అన్నింటిలో ఆత్మను చూసే షింతో సంప్రదాయమే కారణమని ఒక్క వాక్యంలో తేల్చివేయడం పరిపాటి. జెన్నిఫర్ రాబర్ట్‌సన్ 2018లో ప్రచురించిన 'రోబో సేపియన్స్ జపానికస్' గ్రంథం, ఆ దేశంలో రోబోల ప్రాచుర్యం వెనుక ప్రభుత్వ విధానాలు, కుటుంబ వ్యవస్థను గురించిన రాజకీయాలు ఎంతగా ఉన్నాయో చూపింది. సంప్రదాయం పాత్ర లేదని కాదు. అరిగిన సూదులకు, పాత బొమ్మలకు వీడ్కోలు పలికే క్రతువులు అక్కడ ఎప్పటినుండో ఉన్నాయి.

తెలుగువారికి ఈ భావన అపరిచితమేమీ కాదు. వినాయక చవితినాడు మట్టి ప్రతిమకు ప్రాణప్రతిష్ఠ చేస్తారు. పూజానంతరం ఉద్వాసన చెప్పి, ప్రతిమను కొద్దిగా కదిలిస్తారు. ఆ తరువాతనే నిమజ్జనం. ఉద్వాసన చెప్పకుండా ప్రతిమను తీసివేయరు. దేవతామూర్తికీ వ్యాపార వస్తువుకూ సామ్యం చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఒక రూపంలోకి ప్రాణాన్ని ఆహ్వానించినవారే దానిని సాగనంపే పద్ధతిని కూడా ముందుగా ఏర్పరచుకున్నారన్నది గమనించవలసిన విషయం. సామాజిక రోబోల తయారీదారులు ప్రాణప్రతిష్ఠలో నేర్పరులు. ఉద్వాసనను గురించి వారిలో ఆలోచించినవారు తక్కువ.

'జీబో' ఇందుకు నిదర్శనం. కిస్మెట్ నిర్మాత బ్రెజీల్ స్థాపించిన సంస్థే దీనిని తయారుచేసింది. 2014లో ప్రజల నుండి ముందస్తు చందాలుగా 35 లక్షల డాలర్లకు పైగా సేకరించి, 2017లో ఇళ్లకు చేర్చింది. ఏడాదిలోనే సంస్థ మూతపడింది. 2019 మార్చిలో జీబో తన సర్వర్లు ఆగిపోనున్నాయన్న కబురును తానే యజమానులకు చెప్పి, తనను ఇంట్లో ఉంచుకున్నందుకు కృతజ్ఞతలు తెలిపి, నాట్యం చేసింది. మరణవార్తను మరణిస్తున్నవారి నోటనే పలికించిన ఈ సన్నివేశాన్ని రచించినవారు కరుణతోనే రచించి ఉండవచ్చు. ఇంట్లోని పిల్లలకు దానిని ఎలా వివరించాలో మాత్రం తల్లిదండ్రులకే వదిలారు.

ఐదేళ్ల తరువాత అదే కథ మరింత నిష్ఠురంగా పునరావృతమైంది. 5 నుండి 10 ఏళ్ల పిల్లల కోసం, ముఖ్యంగా భావవ్యక్తీకరణలో తోడ్పాటు అవసరమైన పిల్లల కోసం, అమెరికాలోని ఎంబాడీడ్ అనే సంస్థ 'మాక్సీ'ని రూపొందించింది. ధర దాదాపు 800 డాలర్లు. 2024 డిసెంబరులో, రావలసిన పెట్టుబడి చివరి నిమిషంలో చేజారడంతో మూసివేత తప్పదని సంస్థ ప్రకటించింది. మాక్సీ సంభాషణ యావత్తూ దూరాన ఉన్న సర్వర్లలో నడిచే భాషా నమూనాలపై ఆధారపడింది కనుక, సర్వర్లు ఆగితే అది మూగబోతుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పడానికి వీలుగా సంస్థ ఒక లేఖను తయారుచేసి పంపింది. స్నేహం ఎలా చేయాలో నేర్పడానికి కొన్న వస్తువు, స్నేహితుడు హఠాత్తుగా మాయం కావచ్చునన్న పాఠాన్ని మొదట నేర్పింది.

ఇక్కడ ఒక సాంకేతిక వైరుధ్యం ఉంది. పారోకు మాటలు రావు, అందుకే దానికి సర్వర్ అక్కర లేదు. తయారీ సంస్థ లేకపోయినా బ్యాటరీ ఉన్నంతకాలం అది ఒడిలో కదులుతుంది. మాక్సీకి మాటలు వచ్చు, అందుకే దాని ఆయువు ఇతరుల చేతిలో ఉంది. మనుషుల సంభాషణలో ఒకరు ముగించిన తరువాత మరొకరు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో ఐదవ వంతు. ఆ వేగాన్ని, సహజత్వాన్ని అందుకోవాలని యత్నించేకొద్దీ యంత్రం పెద్ద నమూనాలపై, వాటిని నడిపే సంస్థలపై మరింతగా ఆధారపడుతుంది. పెప్పర్ రోబో నిర్మాణంలో పాల్గొన్న కానమె హయాషి ఆ తరువాత రూపొందించిన 'లావాట్'కు మాటలే పెట్టకుండా, శరీరానికి వెచ్చదనం మాత్రం ఇవ్వడం ఈ దృష్టితో ఆసక్తికరమైన ఎంపిక.

సంరక్షణశాలల్లో ఎదురైన వాస్తవం

సాఫ్ట్‌బ్యాంక్ సంస్థ 2014లో ఆవిష్కరించిన పెప్పర్ 120 సెంటీమీటర్ల ఎత్తున, ఛాతీపై టాబ్లెట్‌తో, చక్రాలపై తిరిగే రోబో. 2015లో అమ్మకానికి వచ్చినప్పుడు తొలి 1,000 రోబోలు ఒక్క నిమిషంలో అమ్ముడయ్యాయి. మొత్తం 27,000 తయారైన తరువాత 2020లో ఉత్పత్తి ఆగింది. దుకాణాల్లో, బ్యాంకుల్లో నిలబెట్టిన పెప్పర్‌కు మొదటి కుతూహలం తీరాక చేయడానికి పెద్దగా పని మిగలలేదు.

వృద్ధుల సంరక్షణశాలల్లో దాని అనుభవం ఇంకా చెప్పుకోదగినది. మానవశాస్త్రవేత్త జేమ్స్ రైట్ జపాన్‌లోని ఒక సంరక్షణశాలలో క్షేత్రపరిశోధన జరిపి, 2023లో 'రోబోట్స్ వోంట్ సేవ్ జపాన్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. పెప్పర్ వృద్ధులచేత వ్యాయామం చేయించాలన్నది ఉద్దేశం. ఆచరణలో ఒక ఉద్యోగి దాని పక్కనే నిలబడి, అది చేసే కదలికలను తానూ చేసి చూపవలసి వచ్చింది. అప్పుడే వృద్ధులు అనుసరించారు. పారోను శుభ్రం చేయాలి, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో కనిపెట్టాలి, ఒకరు దానిని విడువకపోతే నచ్చజెప్పాలి. రోబోలు సంరక్షకుల శ్రమను తగ్గించకపోగా రోబోలను సంరక్షించే శ్రమను అదనంగా చేర్చాయి. జనాభాలో 65 ఏళ్లు దాటినవారు 29 శాతానికి చేరిన దేశంలో, ప్రభుత్వ ప్రోత్సాహం పుష్కలంగా ఉన్నచోట వెలువడిన ఫలితమిది. రోబోల వల్ల మానవశ్రమ ఆదా అవుతుందనే లెక్కతో ప్రణాళికలు వేసేవారు ఈ అనుభవాన్ని దాటవేయలేరు.

మితమైన లక్ష్యంతో సాగిన ప్రయత్నాలూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్ర వృద్ధుల సంక్షేమ విభాగం 2022లో 'ఎల్లీక్యూ' అనే బల్లపై ఉంచే పరికరాన్ని 800 మందికి పైగా ఒంటరి వృద్ధులకు ఇవ్వడానికి పూనుకొంది. అది మనిషి రూపంలో ఉండదు, నడవదు. తానే ముందుగా పలకరిస్తుంది. ఈ పలకరింపు వెనుక ఒక ప్రభుత్వ విభాగం నిలబడి ఉండడం గమనార్హం.

తెలుగు మాట్లాడే రోబోకు ఏ వాచకం?

2017 నవంబరు 28న హైదరాబాదులో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరు సంస్థ తయారుచేసిన 'మిత్ర' అనే రోబో ప్రధాని నరేంద్ర మోదీకి, అమెరికా ప్రతినిధి ఇవాంకా ట్రంప్‌కు వేదికపై స్వాగతం పలికింది. అదే మిత్ర 2020లో కోవిడ్ కాలంలో ఉత్తరభారతంలోని ఒక ఆసుపత్రిలో రోగుల పడకల వద్దకు వెళ్లి, టాబ్లెట్ తెరపై వారి బంధువులను చూపింది. ఈ రెండింటిలో రెండవది చిన్న పనిగా కనిపించవచ్చు. కాని రోబో అక్కడ తాను బంధువు కాలేదు, బంధువును మోసుకొచ్చింది.

ఇంగ్లీషులో ఆలోచించి తయారైన రోబో తెలుగు ఇంట్లో నోరు విప్పిన క్షణాన ఒక వ్యాకరణ సమస్య ఎదురవుతుంది. తెలుగు వ్యాకరణం నామవాచకాలను మహత్తులుగా, అమహత్తులుగా విభజించింది. 'అన్న వచ్చాడు', 'బస్సు వచ్చింది'. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోను, బహువచనంలో మహత్తులతోను చేరుతాయి: 'అక్క వచ్చింది', 'అక్కలు వచ్చారు'. మరి రోబో? పురుషకంఠంతో మాట్లాడే యంత్రాన్ని 'వచ్చాడు' అంటే మనిషిని చేసినట్లు, 'వచ్చింది' అంటే వస్తువుగా ఉంచినట్లు. స్త్రీకంఠంతో మాట్లాడే యంత్రం విషయంలో ఈ తేడా ఏకవచన క్రియలో కనిపించదు. 'వచ్చింది' అనే ఒక్క రూపంలో అక్క, బస్సు, యంత్రం కలిసిపోతాయి. 'రోబోలు వచ్చాయి' అంటారా, 'వచ్చారు' అంటారా అన్నది బహువచనంలోనే బయటపడుతుంది. 'మరమనిషి' అనే సమాసం మనిషితనాన్ని ముందే అంగీకరించింది. వాడుక మాత్రం ఇంకా తేల్చలేదు. రాబోయే దశాబ్దాల్లో ఈ క్రియారూపాల పరిణామం భాషాశాస్త్ర పరిశోధకులకు మంచి సామగ్రి కాగలదు.

రోబో మనిషిని ఎలా సంబోధించాలన్నది మరింత చిక్కైనది. పిల్లలు అమెరికాలో స్థిరపడగా ఇక్కడ ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దావిడను మందు వేళకు గుర్తుచేసే రోబోను ఊహించవచ్చు. 'మందు వేసుకున్నారా?' అంటే అది నర్సు స్థానంలో నిలుస్తుంది. 'అమ్మమ్మా, మందు వేసుకున్నావా?' అంటే మనుమడి స్థానాన్ని ఆక్రమిస్తుంది. చాలా తెలుగు కుటుంబాల్లో అమ్మమ్మను నువ్వు అనడం అమర్యాద కాదు, చనువు. ఆ చనువు పుట్టుకతోనో పెంపకంతోనో వచ్చిన హక్కు. ఇంగ్లీషులోని ఒకే సర్వనామం ఈ ఎంపికను దాచివేస్తుంది. తెలుగులో క్రియాప్రత్యయం దానిని బహిర్గతం చేస్తుంది. బంధుత్వ పదాల విషయంలో కొంత వెసులుబాటు ఉంది. కూరగాయలమ్మే మనిషి సైతం 'పెద్దమ్మా' అని పిలిచే సమాజం ఇది, కనుక రోబో అలా పిలవడాన్ని వంచన అనలేము. నువ్వు, మీరు అనేవాటి మధ్య ఎంపికను మాత్రం ఏ దూరదేశపు ఇంజనీరూ ముందుగా నిర్ణయించి పంపకూడదు. అది ఆ పెద్దావిడ నిర్ణయం కావాలి, ఆమె కోరినప్పుడు మార్చుకునే వీలుండాలి.

వినడంలోనూ ఇబ్బందులు తక్కువేమీ కావు. మాత్ర, బిళ్ళ, గోలీ అన్నీ ఒకటేనని యంత్రానికి తెలియాలి. పళ్లూడిన నోటి మాట, ప్రాంతీయమైన యాస పత్రికాభాషతో శిక్షణ పొందిన వ్యవస్థకు అందవు. కేంద్రప్రభుత్వపు 'భాషిణి' వంటి కార్యక్రమాలు భారతీయ భాషల వాక్ సామగ్రిని సేకరిస్తున్నాయి. అందులో వృద్ధుల కంఠాలకు తగిన చోటు దక్కకపోతే, ఎవరి కోసం తయారైనదో వారి మాటే వినలేని రోబో వస్తుంది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారందరినీ బాలలుగా పరిగణించింది. వారి సమాచారాన్ని వాడాలంటే తల్లిదండ్రుల నుండి ధ్రువీకరించదగిన సమ్మతి పొందాలి. పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడాన్ని నిషేధించింది, మినహాయింపులిచ్చే అధికారాన్ని కేంద్రానికి ఉంచింది. పిల్లవాడి ముఖాన్ని చూసి వాడి మనోభావాన్ని పసిగట్టడమే పనిగా గల మాక్సీ వంటి రోబో ఈ నిషేధానికి సూటిగా ఎదురవుతుంది. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం పనిస్థలాల్లో, విద్యాసంస్థల్లో భావోద్వేగాలను గుర్తించే వ్యవస్థలను కొన్ని మినహాయింపులతో నిషేధించింది. ఇంటిని ఆ నిషేధం తాకలేదు.

ఈ చట్టాలన్నీ సమాచారాన్ని కాపాడతాయి. బంధం కొనసాగింపును గురించి మౌనంగా ఉన్నాయి. భారత వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో 'మరమ్మతు హక్కు' పోర్టల్‌ను ప్రారంభించి వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను దాని పరిధిలోకి తెచ్చింది. సామాజిక రోబోను ఈ జాబితాలో మరొక గృహోపకరణంగా చేర్చితే సరిపోదు. వాషింగ్ మెషీన్ ఆగితే మరొకటి కొనవచ్చు. నాలుగేళ్లుగా పిల్లవాడి రహస్యాలు విన్న రోబో స్థానంలో అదే నమూనాకు చెందిన కొత్తది తెచ్చిపెట్టినా, అది వాడిని గుర్తుపట్టదు. కనుక అమ్మకం నాడే కొన్ని విషయాలు రాతపూర్వకంగా ఉండడం అవసరం: సేవలు ఎంతకాలం సాగుతాయి, సంస్థ మూతపడితే జ్ఞాపకాలుగా నిల్వ ఉన్న సమాచారం ఎవరికి చెందుతుంది, సర్వర్ లేకుండా నడిచే మార్గం ఏమైనా ఉందా.

ఇటువంటి ఏర్పాటు అసాధ్యమేమీ కాదు. 2018లో కొత్త ఐబోను తెచ్చిన సోనీ, 2023లో ఒక పెంపక పథకాన్ని ప్రకటించింది. యజమానులు వదులుకున్న ఐబోలను తీసుకొని, బాగుచేసి, వైద్యసంస్థల వంటి చోట్లకు అందించడం దాని సారాంశం. మాక్సీ విషయంలో, మూసివేత ప్రకటన తరువాత, తల్లిదండ్రులు తమ ఇంటి కంప్యూటరుపైనే నడుపుకోగల సాఫ్ట్‌వేర్‌ను సంస్థకు చెందినవారు బహిరంగంగా విడుదల చేశారు. సాంకేతిక పరిజ్ఞానమున్న కొన్ని ఇళ్లలో ఆ రోబోలు తిరిగి మాట్లాడుతున్నాయి. ఆ విడుదల పూర్తిగా తయారీదారుల స్వచ్ఛంద నిర్ణయం. అలా చేసి తీరాలనే నిబంధన కొనుగోలు ఒప్పందంలో ముందుగా ఉన్నది కాదు.